ప్రాంప్టర్ గుంటలోంచి

మూడో అంకం, రెండో రంగం.
"అందరూ నిష్క్రమిస్తారు. తొర్నికే ఒక్కడే మిగులుతాడు"
అని రాసి ఉంటుంది ప్రతిలో.
పదకొండేళ్ళుగా ఆ వాక్యం దగ్గర నాకు నవ్వొస్తుంది.
ఒక్కడే ఎలా అవుతాడు?
అతని బూట్ల ముందు, జానెడెత్తు రేకు కప్పు కింద
మెడదాకా పాతిపెట్టినట్టు నేనుంటానుగా.

కుతాయిసిలో ఆ చలికాలమంతా కరెంటు లేదు.
టికెట్టుకి బదులు జనం రెండేసి కట్టెలు తెచ్చేవాళ్ళు.
కోట్లు విప్పకుండా, టోపీలు తియ్యకుండా కూర్చునేవాళ్ళు.
చీకట్లో వాళ్ళ ఊపిరి ఒక్కటే తెల్లగా కనిపించేది.
నా గుంటలో కిరసనాయిలు దీపం,
ఒళ్ళో ప్రతి,
అరికాళ్ళ కింద గుడ్డ చుట్టిన వేడి ఇటుక.

కథ పెద్దదేం కాదు.
శత్రువుకి కోట తలుపు తీసినవాడు బాద్రి,
తొర్నికేకి పాలతమ్ముడు, ఒకే రొమ్ము తాగినవాడు.
తెల్లవారేలోగా ఉరిపత్రం మీద ముద్ర పడాలి.
వెయ్యకపోతే కోట నిలవదు.
వేస్తే తను నిలవడు.

కొలువులో తొర్నికే గొంతు కంచు.
"న్యాయానికి చుట్టరికం లేదు" అంటాడు,
సైనికులు కత్తులతో డాళ్ళు మోగిస్తారు.
వాళ్ళు వెళ్ళాక అదే గొంతు
పగిలిన కుండలో నీళ్ళలా ఎక్కణ్ణుంచో కారడం మొదలవుతుంది.

నలభై రెండు పంక్తుల స్వగతం. నాకు కంఠతా వచ్చు.
నేను చూసేది మాటల్ని కాదు,
అంచున నా పెన్సిలు గుర్తుల్ని:
ఇక్కడ గుటక.
ఇక్కడ అబద్ధం, తనకి తను చెప్పుకునేది.
ఇక్కడ 'బాద్రి' అనబోయి 'ద్రోహి' అంటాడు.
ఇక్కడ 'ద్రోహి' అనబోయి 'బాద్రి' అనేస్తాడు.
ఈ రెంటి మధ్య పదిహేడు పంక్తులు.
నాటకం జరిగేది అక్కడే,
మిగతాదంతా రాకపోకలు.

నిర్ణయం కోసం వెతుక్కుంటున్నాడనుకుంటారు కుర్చీల్లోవాళ్ళు.
కింద నుంచి చూసేదానికి తెలుస్తుంది,
నిర్ణయం మొదటి పంక్తికే అయిపోయింది.
అది చేసిన మనిషి మొహం చూడలేక
మిగతా పంక్తులన్నీ గదంతా తిరుగుతాడు.

ఫిబ్రవరిలో ఒక రాత్రి
ఇరవై తొమ్మిదో పంక్తి దగ్గర ఒతియా ఆగిపోయాడు.
ఆ పొద్దున అతన్ని ఠాణాకి పిలిచారని,
ఒక కాగితం, దాని మీద ఎవరిదో పేరు చూపించారని
మేకప్ గదిలో గుసగుస.
నిజమో కాదో నేనడగలేదు.

మరుపైతే కళ్ళు నా వైపు దిగుతాయి.
ఆ రాత్రి దిగలేదు.
"ఆకలేసినప్పుడు ఇద్దరం ఒకే ఏడుపు ఏడ్చాం,"
ఇదీ ముప్పయ్యో పంక్తి.
'ఆకలి' నా పెదవి మీదికొచ్చి కూర్చుంది.
అందించడమే నా ఉద్యోగం. జీతం దానికే,
జీతమంటూ వచ్చిన నెలల్లో.
నేను నోరు మూసుకున్నాను.

ఎంతసేపో. దీపం వత్తి రెండుసార్లు చిట్లింది.
పై వరసలో ఎవరో దగ్గు ఆపుకున్నారు.
ఒతియా ముద్ర చేతిలోకి తీసుకుని
దాన్ని కాగితం మీద కాదు,
తన ఎడమ అరచేతిలో నొక్కుకున్నాడు, చాలాసేపు.
తర్వాత కాగితం మీద.

ప్రతిలో ఆ కిందే ఉంటుంది: "ప్రకాశంగా."
"ఎవరక్కడ?" అన్నాడు, మళ్ళీ కంచు.
వెలుగు లేని ఊళ్ళో ఆ ఒక్క మాటా
ఎంత బూటకంగా మోగిందో.

నాటకమయ్యాక నా దగ్గరకొచ్చాడు,
రంగు సగమే తుడుచుకున్న మొహంతో.
"నాతెలా, కట్టెలేమైనా మిగిలాయా?"
రెండిచ్చాను. అరచెయ్యి ఇంకా ఎర్రగా ఉంది.

రియోని వంతెన మీద ఎవరూ లేరు కదాని
ఆ పంక్తులన్నీ పైకే అనుకుంటూ నడిచాను.
ఇరవై తొమ్మిది దాకా బాగానే వచ్చాయి.
అక్కడ ఎందుకో నేనూ ఆగాను.
కాళ్ళ కింద, చీకట్లో ఏరు పారుతోంది.
దానికి తెలిసే ఉంటుంది.
అందించలేదు.